బొంగరం చేసిన చాడీకోరు

బాయిలరు ఈలకూ వంటింట్లో కుక్కరు ఈలకూ ఉన్న తేడాను ఒక ఫోనుకు నేర్పించడం మా మేనకోడలు సాధించిన మొదటి ఘనకార్యం. వినడానికి నవ్వులాటగా ఉంటుంది, చేసి చూస్తే తెలుస్తుంది. ఒక వానాకాలమంతా మా చెల్లెలు ఉత్త నీళ్ళు పోసి కుక్కరు పొయ్యి మీద పెడుతూనే ఉంది. పిల్ల ఫోను పట్టుకుని హాల్లోంచి, మెట్ల మీంచి, పక్కింటి గోడ అవతలి నుంచి ఆ ఈలను దానికి వినిపిస్తూనే ఉంది. ప్రతిసారీ ఫోను, బాయిలరు మోగిందనుకుని అదిరిపడేది. చివరికి మా చెల్లెలు గరిటె కింద పడేసింది.

"ఒసే, నీ ఫోనుకు చెవులున్నాయి గానీ బుద్ధి లేదు. మీ నాన్నకు బుద్ధి ఉంది గానీ చెవులు లేవు. ఇద్దర్నీ కలిపి ఒక మనిషిని చెయ్యవే తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

పిల్ల అదే చేసింది. వానలు వెనకబట్టేసరికి ఆ ఫోను కుక్కరు ఎంత కూసినా ఉలకడం మానేసింది. బాయిలరు ఈల వింటే మాత్రం తేలు కుట్టినట్టు అదిరేది. మా ఇంటావంటా ఇంతవరకు ఎవరూ చేయని పని అది. నేను పల్లెటూరి బడిలో నాలుగక్షరాలు నేర్చుకుని వడ్రంగం పట్టినవాణ్ని. పొగడటానికి పెద్ద మాటలు నా దగ్గర లేవు. చేసిన పనులు చెబుతాను, మీరే చూసుకోండి.

ఆమె పేరు రికార్డుల్లో ఏదైనా ఉండనివ్వండి, వీధంతా పిలిచేది బొంగరం అని. కూర్చున్న చోట కూర్చోదు, నిలబడ్డ చోట నిలబడదు. కంచం చేత్తో పట్టుకుని గదులన్నీ తిరుగుతూ తింటుంది. బడిలో చదివే రోజుల్లోనే చెడిపోయిన బడిగంటకు తీగ మార్చి మోగించింది. మోగించి, గంట ముందే బడి వదిలేయించిందని హెడ్మాస్టరు ఎండలో నిలబెట్టాడనుకోండి, అది వేరే సంగతి. సాంకేతిక పాఠశాలలో సీటు మొదటిసారి తప్పింది, రెండోసారి కొట్టింది. ఫోన్లు బాగుచేసే సందులో మగవాళ్ళ బల్లల మధ్య సొంత బల్ల వేసుకున్న మొదటి ఆడపిల్ల ఆమే. ఆ బల్ల చేసిచ్చింది నేను. స్టూలు కూడా చేసిచ్చాను. స్టూలు మీద స్క్రూల డబ్బా కూర్చుంటుంది గానీ ఆమె కూర్చోదు.

ఆమె తండ్రి, మా బావ, ఆవిరి లాండ్రీలో బాయిలరు ఆపరేటరు. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు బండ్ల కొద్దీ వచ్చిపడే చోటు అది. బాయిలరులో నీళ్ళు తగ్గితే ఈల మోగుతుంది. మోగగానే మంట తగ్గించాలి. ఆలస్యమైతే ఏమవుతుందో ఆ గోడల మధ్య పనిచేసేవాళ్ళు పైకి అనరు. ఏళ్ళ తరబడి ఆ రొదలో నిలబడి బావ చెవులు మెల్లమెల్లగా మూసుకుపోయాయి. ఆయన దాచాడు. ఎవరేమన్నా "ఆఁ, ఆఁ, అంతేగా" అని తప్పించుకునేవాడు. ఒకసారి వానలో బయల్దేరుతూ నేను "గొడుగేది బావా?" అంటే, "కొడుకెక్కడ బావా, నాకున్నది కూతురేగా" అన్నాడు. ఆ పూట అందరం నవ్వాం. పిల్ల మాత్రం నవ్వలేదు.

కొన్నాళ్ళకు లాండ్రీలో ఈల మోగింది. బావ అటు తిరిగి దుప్పట్లు సర్దుతున్నాడు. ఇస్త్రీ యంత్రం దగ్గరున్నవాడు పరిగెత్తుకొచ్చి మంట తగ్గించబట్టి సరిపోయింది. యజమాని చెడ్డవాడు కాదు. బావ భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గర నోరు పెట్టి, "అన్నా, రేపటి నుంచి మడతల బల్ల దగ్గర కూర్చో" అన్నాడు. ఆ మాట మాత్రం బావకు స్పష్టంగా వినబడింది.

చెవికి మిషను పెట్టించాం. ఆవిరి గదిలో అది రొదను ఇంకా పెద్దది చేసి వినిపించేది. చెమటకు తడిసి మూగబోయేది. అప్పుడు పిల్ల ఫోను మీద పడింది. వానాకాలం కథ ముందే చెప్పాను. ఫోను ఈల గుర్తుపట్టడం నేర్చాక, దాన్ని బావ ముంజేతికి పట్టీతో కట్టి లాండ్రీకి తీసుకుపోయింది. యజమాని తనే ఈల మోగించాడు. ఫోను అదిరింది. బావ తల తిప్పకముందే చెయ్యి మంట మీట మీదికి పోయింది. యజమాని మళ్ళీ మోగించాడు, చెప్పకుండా ఇంకోసారి మోగించాడు. ఒక్కసారి కూడా తప్పలేదు.

"ఇది అదురుతున్నంత కాలం బాయిలరు నీదే అన్నా," అన్నాడు యజమాని. "అదరని రోజున మళ్ళీ మడతల బల్ల. మొహమాటాలేం లేవు. లోపల జనం పనిచేస్తున్నారు."

ఆ సాయంత్రం బావ చెయ్యి పైకెత్తి చూపిస్తూ ఇంట్లోకి వచ్చాడు. "నా వీపు వెనక ఏం జరిగినా మోసుకొచ్చి నాకు చెప్పేస్తోందర్రా! ఇది ఫోను కాదు, చాడీకోరు!" అని గోడలదిరేలా నవ్వాడు. పిల్ల చేసిన ప్రోగ్రాముకు ఆ పేరే నిలిచిపోయింది. పేరు పక్కన ఆమె ఒక చెవి బొమ్మ గీసింది.

ఇంట గెలిచాక రచ్చ గెలవడం మొదలైంది. చెవులు మందగించినవాళ్ళంతా ఫోను సందుకు దారి పట్టారు. ఒకరికి తలుపు చప్పుడు తెలియాలి. ఒకరికి పసిపాప ఏడుపు తెలియాలి. ఒక పెద్దాయన అయితే భార్య పిలుపు తప్ప మిగతావన్నీ తెలిస్తే చాలన్నాడు. అందరికీ చేసిచ్చింది. పక్కవీధిలో ఆడవాళ్ళ బట్టలు కుట్టే దర్జీ పిన్ని కూడా దాన్ని ఫోనులో ఎక్కించుకుంది. ఒంటరి మనిషి, దగ్గరగా మాట్లాడితేనే వినబడుతుంది. గిరాకీలు తలుపు కొట్టి కొట్టి వెళ్ళిపోయేవాళ్ళు. చాడీకోరు వచ్చాక ఒక్కరు కూడా వెనక్కి పోలేదని ఊరంతా చెప్పింది.

అయితే ఒక చిక్కుంది. ఫోను కంపెనీకి ఫోనులోనే సొంత అంగడి ఉంటుంది. అందులోని ప్రోగ్రాములను కంపెనీవాళ్ళు చూసి, ముద్ర వేసి పెడతారు. బయటివాళ్ళు చేసింది ఎక్కించుకోబోతే ఫోను బెదరగొడుతుంది. ఇది ఎవరు చేశారో తెలియదు, నమ్ముతారా? మైకు ఇవ్వమంటారా? ఇలా ఒకదాని వెనక ఒకటి అడుగుతుంది. పెద్దవాళ్ళు అక్కడే వేలు వెనక్కి తీసుకునేవాళ్ళు. వాళ్ళకు ఒక్కొక్కటీ విప్పి చెప్పే ఓపిక కాలు నిలవని మా పిల్లకు ఎక్కడిది? "ఏమడిగినా అవును నొక్కండి!" అనేది. మరచిపోకుండా పాటలాగా చెప్పేది. వీధి వీధంతా ఆ పాఠం కంఠస్థం చేసింది.

ఆమె అంగడి మెట్లు ఎక్కకపోలేదు. చాడీకోరును కంపెనీకి పంపింది. మనుషుల మీద చాటుగా కబుర్లు మోసే ప్రోగ్రాములు మాకు పనికిరావని తిప్పి పంపారు. పేరు చూసి దడుసుకున్నారన్నమాట. అది మా నాన్న ఆడిన వేళాకోళమని రాస్తే, ఆ వాక్యమే మళ్ళీ వచ్చింది. పేరు మార్చి పంపింది. ఇది ఎప్పుడూ మైకు తెరిచి వింటూ ఉంటుంది కాబట్టి కుదరదన్నారు.

"విననిదే ఎలా చెప్తుంది మామయ్యా? చెవులు మూసుకుని కాపలా కాయమంటున్నారు," అని బల్ల చుట్టూ తిరిగింది. పాత పేరే మళ్ళీ పెట్టుకుంది.

ఎండలు ముదిరే వేళకు ఎవడో, ఏ ఊరివాడో, అదే పేరుతో అదే చెవి బొమ్మతో దొంగ చాడీకోరును తయారుచేసి వదిలాడు. కొత్తది వచ్చింది, ఎక్కించుకోండి అని ఫోన్లకు కబురు పంపాడు. దర్జీ పిన్నికీ వచ్చింది. మా పిల్లే పంపిందనుకుంది. ఫోను అడిగింది, ఆమె అవును నొక్కింది. ఫొటోలు చూడనిమ్మని అడిగింది. పాఠం వచ్చుగా, దానికీ అవును నొక్కింది. కుట్టిన బట్టలు సరిపోయాయో లేదో చూసేందుకు అద్దం ముందు నిలబెట్టి తీసిన గిరాకీల ఫొటోలన్నీ ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేతుల్లో పడ్డాయి. ఆ ఆడవాళ్ళు గుమ్మంలోకి వచ్చి అడుగుతుంటే పిన్నికి సగం వినబడింది, సగం వాళ్ళ మొహాల్లో కనబడింది.

పిల్ల పరిగెత్తుకుపోయింది. పిన్ని లోపలికి రానివ్వలేదు.

"చాడీకోరని పేరు పెట్టావు కదే. పేరు నిలబెట్టింది పో!" అని మొహం మీదే తలుపు వేసింది.

ఆనాటి నుంచి మా పిల్ల తిరగడంలో తేడా వచ్చింది. ఇదివరకు ఏదో పని మీద తిరిగేది. ఇప్పుడు ఊరికే తిరిగేది. సందులోకి వచ్చిన ప్రతి ఫోనూ పట్టుకుని దొంగదాన్ని వెతికి తీసేసేది, మళ్ళీ లేచి తలుపు దాకా వెళ్ళి వచ్చేది. చేతిలోకి తీసుకున్న స్క్రూ చేతిలోనే ఉండిపోయేది.

అంతలో కంపెనీ ప్రకటన వచ్చింది. ఆ కబురు మా చెల్లెలింట్లో అందరం భోజనాలకు కూర్చున్నప్పుడు పిల్ల చెప్పింది. అందరం అంటే, ఆమె తప్ప.

"తలుపు మూసేస్తారట మామయ్యా."

"ఏ తలుపే?"

"ఫోనుది. కొత్త సాఫ్ట్‌వేరు వస్తోంది. వాళ్ళ అంగడిలో లేనిదేదీ ఇక పనిచెయ్యదు. దర్జీ పిన్నికి జరిగినట్టే ఊరూరా జరిగిందట."

"మీ నాన్న చేతికున్నదో?"

"అదీ అంతే."

"ఆ కొత్తది ఎక్కించుకోకపోతే పోలా?" అంది మా చెల్లెలు.

"కొన్నాళ్ళు వద్దనొచ్చమ్మా. తర్వాత అదే ఎక్కేస్తుంది. అడిగే రకం కాదు."

నాకు ఒళ్ళు మండింది. "ఇదెక్కడి న్యాయమే? నేను తలుపు చేసిస్తే గడియ ఇంటివాడి వైపు పెడతాను. నా వైపు పెట్టుకుని, నేను తీసినప్పుడే చుట్టాల్ని రానివ్వు అంటే చెప్పు తీసుకుని కొడతారు!"

ఆమె నడక ఆపింది. "గడియే లేని తలుపు చేసిచ్చావనుకో మామయ్యా. అప్పుడూ కొడతారుగా. నేను చేసింది అదేగా?"

బావ మా మొహాలు చూస్తున్నాడు. "ఏంటి? ఏమంటోంది?" అని ఆయన అడిగితే, మా చెల్లెలు చేతులతో తలుపు మూసి చూపించి, ఆయన ముంజేతిని తట్టింది. ఆయనకు అర్థమైంది.

"ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటారా?" అని కేకపెట్టాడు. "పోయి చెప్పు వాళ్ళకి! కంపెనీ దాకా పోయి చెప్పు!"

పోవడానికి దారి కూడా దొరికింది. బయట ప్రోగ్రాములు చేసేవాళ్ళూ, వాడి దెబ్బతిన్నవాళ్ళూ ఎవరైనా వచ్చి చెప్పుకోవచ్చు, వింటాం అని కంపెనీ పిలిచింది. దేశం నలుమూలల నుంచీ అడిగినవాళ్ళలో మా పిల్లకు పిలుపు రావడం చిన్న విషయం కాదు. వీధిలో చాలామందికి నేనే చెప్పాను. ఆమె మాత్రం ఆ పిలుపు అందిన వెంటనే నన్ను తోడు తీసుకుని దర్జీ పిన్ని ఇంటికి నడిచింది.

కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంది. నిలువుటద్దాన్ని గోడ వైపు తిప్పి పెట్టింది. మేము ఎదురుగా వచ్చి నిలబడేదాకా పిన్ని చూడలేదు.

"చప్పుడు లేకుండా వచ్చావేం? ఓహో, చెప్పడానికి నీ చాడీకోరు లేదుగా."

పిల్ల ఆమె చెవి దగ్గరికి వంగింది. "పిన్నీ, నాతో కంపెనీకి రా."

"ఎందుకే? నీకు సన్మానం చేస్తుంటే చప్పట్లు కొట్టడానికా?"

"నన్ను తిట్టడానికి. ఇక్కడ తిడితే నేనొక్కదాన్నే వింటాను. అక్కడ తిడితే ఫోను చేసినవాళ్ళు కూడా వింటారు."

పిన్ని నా వైపు చూసింది. "ఏమండీ, మీ పిల్లకు మతి ఉందా? తలుపు తెరిచి ఉంచమని ఇదీ, ఇనప తాళం వెయ్యమని నేనూ ఒకే బండెక్కి పోతే జనం నవ్వరూ?"

"నవ్వనీ పిన్నీ. ఏమడిగినా అవును నొక్కమని నీకు నేర్పింది నేను. ఆ మాట అక్కడ నేను చెప్తాను. నొక్కితే ఏమైందో నువ్వు చెప్పు. ఏది చెయ్యాలో తర్వాత వాళ్ళు చూసుకుంటారు."

"నేను చెబితే మీ నాన్న బాయిలరు పోతుందే పిల్లా."

"నువ్వు చెప్పకపోతే నీకు జరిగింది మన వీధి దాటదు."

పిన్ని చాలాసేపు మిషను మీది గుడ్డ అంచు లాగుతూ కూర్చుంది. ఎదుట మా పిల్ల, నమ్ముతారో లేదో, కదలకుండా నిలబడింది.

"కిటికీ పక్క సీటు నాది," అంది పిన్ని చివరికి. "బండిలో నువ్వు అటూఇటూ తిరిగావంటే గొలుసు లాగి దిగిపోతాను."

బండెక్కించి వచ్చాం. అక్కడ జరిగింది పిల్ల ఫోనులో చెప్పింది. పెద్ద హాలట. పిన్ని లేచి ముందు మా పిల్లను తిట్టిందట, తర్వాత దొంగవాణ్ని, ఆ తర్వాత ఫోను కంపెనీని. "ఇన్ని ప్రశ్నలడిగింది మీ ఫోను. ఫొటోలు వాడికెందుకు అని నాకొక్క మాట చెప్పిందా?" అందట. కంపెనీ తరపున కూర్చున్న అధికారి, వాళ్ళమ్మ కూడా ఇలాగే నొక్కి మోసపోయిందని, అందుకే మూసెయ్యాలంటున్నామని చెప్పిందట. మా పిల్ల వైపు తిరిగి, "ఈవిడ చెప్పింది విన్నాక కూడా తెరిచి ఉంచమంటావా అమ్మా?" అని అడిగిందట.

"నువ్వేమన్నావే?" అన్నాను. నాకు కాళ్ళు నిలవడం లేదు. వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తున్నాను.

"ఉంచమన్నాను మామయ్యా. నాలాంటివాళ్ళ పేరు, ఊరు రాసుకోండి, చేసినదాన్ని విప్పి చూడండి, తప్పుంటే పట్టుకోండి అన్నాను. మీ అంగడిలో చోటిస్తేనే బతకాలంటే మాత్రం మా నాన్న పని పోతుంది అన్నాను."

"వాళ్ళేమన్నారు?"

"మాటివ్వలేదు. చాడీకోరును తమకు అప్పగించమన్నారు. విన్నదాన్ని ఎక్కడికైనా పంపుతోందేమో పరీక్ష చేస్తారట. నెగ్గితే, అంగడి బయటున్నా ఆపకుండా ముద్ర వేస్తామన్నారు. అడుగడుగునా ఏదో ఒకటి అడుగుతారు, పరీక్ష అయ్యేదాకా నేను పక్కనే ఉండాలి. పిన్ని కూడా ఉంటానంటోంది. నన్ను వదిలేసి వస్తే అమ్మకు ఏం చెప్పాలి అంటోంది."

ఆ మాట విని మా చెల్లెలు ఏడ్చింది, నవ్వింది. కంపెనీవాళ్ళు పక్కన నిలబెట్టుకుని మాట్లాడిన మనిషి మా కుటుంబంలో ఇంకెవరున్నారు?

తర్వాత రెండు రోజులకే, బావ పనిలోకి వెళ్ళబోతూ ముంజేతికి పట్టీ కట్టుకుంటుంటే ఫోను తెర మారిపోయి కనబడింది. కొత్త సాఫ్ట్‌వేరు తనంతట తానే ఎక్కేసింది. చెవి బొమ్మ బూడిద రంగుకు తిరిగింది. దాని మీద వేలు పెడితే, ఈ ప్రోగ్రాము ఇకపై పనిచేయదు అని ఒక ముక్క. బావ దాన్ని ఆపాడు, తిరిగి వెలిగించాడు. తుడిచాడు. నా చేతికిచ్చాడు. నేను మాత్రం ఏం చేస్తాను? ఆ ఉదయం ఆయన లాండ్రీకి వెళ్ళి, ఎవరూ అడగకముందే యజమానికి ఫోను చూపించి, మడతల బల్ల దగ్గర కూర్చున్నాడు. యజమాని బాయిలరు దగ్గర వేరే మనిషిని పెట్టాడు గానీ, "నీ చోటు ఈ నెలాఖరు దాకా ఖాళీగానే ఉంచుతా అన్నా, ఆపైన నా వల్ల కాదు" అని ఒక కాగితం ముక్క మీద రాసి చూపించాడు.

ఈ సంగతి పిల్లకు చెప్పాలా వద్దా? తెలిస్తే పరీక్ష సగంలో వదిలేసి మొదటి బండికే వచ్చేస్తుంది, ఆమెను నేనెరగనా? నోరు విప్పితే ఒప్పుకోనని బావ వేలు చూపించి బెదిరించాడు. సాయంత్రం ఆమె వీడియో కాల్ చేసింది. పిన్ని కూడా వెనకనుంచి తొంగిచూస్తోంది. పిల్ల తన ముంజేతిని తట్టి చూపించి, ఎలా ఉంది అని సైగ చేసింది.

"బ్రహ్మాండం!" అని బావ అరిచాడు. ఉత్త పట్టీ ఉన్న చేతిని వీపు వెనక పెట్టుకున్నాడు. "అదిరి చస్తోంది! పొద్దున్నించీ ఒకటే చాడీలు! నువ్వు తొందరపడకు, పని పూర్తి చేసుకునే రా!"

ఆయన అంత గట్టిగా అరిస్తే ఎప్పుడూ చెవులు మూసుకునే మా చెల్లెలు, కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఈ ఇంట్లో ఎవరికీ స్థిమితం లేదు. నేను కొలిచి కోసిన చెక్క మళ్ళీ కొలిస్తే పొట్టిగా ఉంటోంది. బావ దుప్పటి మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతున్నాడని ఇస్త్రీ యంత్రం దగ్గరివాడు చెప్పాడు. పరీక్ష మొదటి భాగం నెగ్గిందని కబురొచ్చింది. రెండోది గట్టిదట. నెగ్గుతుందని వీధంతా చెబుతున్నాను. నెగ్గకపోతే ఏం చెప్పాలో ఇంకా ఆలోచించలేదు. ఏ సంగతీ తేలకపోయినా సరే, తిరుగు టిక్కెట్టు ప్రకారం మా పిల్లా దర్జీ పిన్నీ బండి దిగేది ఈ నెల ఇరవై మూడో తేదీ, గురువారం.